ఎనిమిదేళ్లు పాఠం చెప్పాక మొదటిసారి చదివాను: ఓల్డ్ ఇంగ్లీష్‌తో నా ఏడాది

నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎనిమిదేళ్లు ఇంగ్లీష్ లిటరేచర్ చెప్పాను. మొదటి యూనిట్ ఆంగ్లో-శాక్సన్ యుగం, అంటే వెయ్యేళ్ల క్రితం నాటి ఓల్డ్ ఇంగ్లీష్ భాషలో వచ్చిన సాహిత్యం. నాలుగు పీరియడ్లలో అయిపోయేది. బియోవుల్ఫ్ కావ్యంలో 3,182 పాదాలు, గ్రెండెల్ అనే రాక్షసుడు, చరిత్ర రాసిన బీడ్, ఆల్‌ఫ్రెడ్ రాజు, 1066లో నార్మన్లు వచ్చారు, యుగం పూర్తి. పిల్లలు రాసుకునేవారు, పరీక్షలో అదే దించేవారు, మార్కులు వచ్చేవి. ఆ 3,182 పాదాల్లో ఒక్కటైనా అసలు భాషలో ఎలా ఉంటుందో నేను చూసి ఎరగను. 2023లో సెకండియర్ అమ్మాయి ఒకతె లేచి, "మేడమ్, అది చదివితే ఎలా వినిపిస్తుంది?" అని అడిగింది. రేపు చెప్తానన్నాను. రేపు కూడా చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక ఆ రాత్రి అన్నం సహించలేదు.

అలా మొదలైంది. మధ్యయుగాల ఆంగ్ల సాహిత్యంలో ఒక ఏడాది ఎం.ఏ. చెయ్యడానికి 34 ఏళ్ల వయసులో, ఏడేళ్ల పాపను అత్తయ్య దగ్గర వదిలి, ఇంగ్లండ్ ఉత్తరాన ఒక యూనివర్సిటీకి వెళ్లాను. ఇలాంటి చదువుకు మనవాళ్లు వెళ్లడం తక్కువ. వెళ్లేముందు అడుగుదామంటే నాకు మనిషి దొరకలేదు. ఇక ముందు వెళ్లేవాళ్లకైనా ఉంటుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను, అందరూ మొదట అడిగేది అదే. ఫీజు 22,400 పౌండ్లు. డిపార్ట్‌మెంట్ వాళ్లు 5,000 తగ్గించారు. మిగతా 17,400 అంటే అప్పటి లెక్కలో దాదాపు 19 లక్షలు. సగం బ్యాంకు లోను, సగం మా ఆయన పేరు మీదున్న స్థలం అమ్మిన డబ్బు. లోను మంజూరు కావడానికి ఆరు వారాలు పట్టింది. "కంప్యూటర్స్ అయితే వెంటనే ఇచ్చేవాళ్లమమ్మా, ఈ చదువుకు ఉద్యోగం ఏమొస్తుంది?" అని మేనేజరు గారు నాలుగుసార్లు అడిగారు. వీసా ఫీజు 2024లో 490 పౌండ్లు. ఆరోగ్య సర్‌చార్జి 1,164 పౌండ్లు. ఏడాదికి 776 అని చదివి అంతే అనుకున్నాను. కోర్సు తర్వాత నాలుగు నెలలు కలిపి 16 నెలల వీసా ఇస్తారు కాబట్టి ఏడాదిన్నర లెక్కన కట్టాలి. ఆ 388 పౌండ్లు ఆఖరి నిమిషంలో మా తమ్ముడు సర్దాడు. ఈ తేడా ముందే రాసిపెట్టుకోండి.

2024 సెప్టెంబర్ 16న దిగాను. గది అద్దె నెలకు 520 పౌండ్లు. అక్టోబర్ 1, మంగళవారం, ఓల్డ్ ఇంగ్లీష్ మొదటి క్లాసు. మొత్తం తొమ్మిది మందిమి. మేడమ్ వచ్చారు, బ్యాగు బల్ల మీద పెట్టారు, నమస్కారం గానీ పరిచయం గానీ లేకుండా నిలబడి బియోవుల్ఫ్ మొదటి పదకొండు పాదాలు కంఠతా చదివారు.

నేను ఏదో మెత్తటి ఇంగ్లీష్ వినిపిస్తుందని వెళ్లాను. అది అలా లేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి రోకళ్లతో దంచేవారు. ఒకరి పోటు, వెంటనే రెండోవారి పోటు, మధ్యలో రెప్పపాటు ఖాళీ. సరిగ్గా అదే లయ. పాదం మధ్యలో విరుగుతుంది, రెండు ముక్కల్లోనూ రెండేసి దెబ్బలు పడతాయి. పదకొండో పాదం చివర ఆగి మేడమ్ మా వైపు చూశారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒళ్లు మాత్రం జలదరించింది. నరసరావుపేటలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదన్నమాట అనుకున్నాను.

(అక్కడ ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలవమంటారు. నాకు ఏడాదంతా నోరు రాలేదు. ఆఖరిదాకా "ప్రొఫెసర్" అనే పిలిచాను. ఇక్కడ మేడమ్ అనే రాస్తున్నాను.)

ఆ ఆనందం రెండు వారాలే. తర్వాత వ్యాకరణం వచ్చి పడింది. ఇంగ్లీష్ అనుకుని వెళ్తే అది ఇంగ్లీష్ కాదు. నామవాచకాలకు విభక్తులు, విశేషణాలకు విభక్తులు, మూడు లింగాలు, క్రియల్లో బలమైనవి ఏడు తరగతులు, బలహీనమైనవి మూడు. అక్షరాల్లో కూడా మనకు తెలియనివి ఉంటాయి: థార్న్, ఎథ్, ఆష్, విన్. విన్ అక్షరం చూడ్డానికి అచ్చం 'పి'లా ఉంటుంది, పలకడం మాత్రం 'వ'. అక్టోబర్ 15న మొదటి టెస్టు పెట్టారు. 20కి నాకు 6 వచ్చాయి. నా పక్కన కూర్చునే జర్మనీ అబ్బాయికి 19. వాళ్ల భాషలో ఈ విభక్తులు ఇంకా బతికే ఉన్నాయి కదా, అతనికి సగం ఇంట్లో నేర్చుకున్నదే.

ఆ సాయంత్రం బట్టలు ఉతికే గదిలో మెషిన్ తిరుగుతుంటే దాని ఎదురుగా కూర్చుని ఏడ్చాను. పిల్లలకు మార్కులు వేసే మనిషిని ఎనిమిదేళ్లుగా. ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటింది. మా ఆయన ఎత్తి, "ఏమైంది?" అన్నారు. మార్కులు చెప్పాను. కాసేపు ఊరుకుని, "మీ నాన్నగారి పుస్తకాల్లో శబ్దమంజరి లేదూ, అది ఎలా నేర్చుకున్నావు చిన్నప్పుడు?" అన్నారు.

మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. నాకు ఎనిమిదేళ్లప్పుడు పొద్దున్నే లేపి, "రామః రామౌ రామాః" చెప్పించేవారు. అర్థం అడగనిచ్చేవారు కాదు. ముందు నోటికి రావాలి, తర్వాత బుర్రకు. అక్కడ క్లాసులో అందరూ పట్టికలు చూసి అర్థం చేసుకోవాలని ప్రయత్నిస్తున్నారు, నేనూ అదే చేస్తున్నాను. మర్నాటి నుంచి పద్ధతి మార్చేశాను. పొద్దున ఆరింటికి లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతూ 'రాయి' అనే మాటను శబ్దంలా వల్లించడం: స్టాన్, స్టాన్, స్టానెస్, స్టానె, స్టానాస్, స్టానాస్, స్టానా, స్టానుమ్. పక్క గది అమ్మాయి రెండో రోజు తలుపు తట్టి అంతా బాగానే ఉందా అని అడిగింది. మూడు వారాల్లో పట్టికలన్నీ నోటికి వచ్చేశాయి. ఇది వెళ్లబోయేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట. చిన్నప్పుడు వల్లె వేసిన అలవాటు మనకు ఉంది, సిగ్గుపడకుండా వాడుకోండి.

అలా వల్లిస్తుంటేనే ఒకరోజు సర్వనామాల దగ్గర ఆగిపోయాను. 'ఇచ్' అంటే నేను. 'వే' అంటే మేము. మధ్యలో ఇంకోటి ఉంది: 'విట్'. అంటే ఇద్దరమే. ద్వివచనం! రామౌ లాగా. ఇప్పటి ఇంగ్లీష్‌లో ఆనవాలు కూడా లేని ద్వివచనం, వెయ్యేళ్ల క్రితం సర్వనామాల్లో బతికే ఉంది. ఇంకో సంగతి, 'వీఫ్' అంటే ఆడమనిషి. ఆ మాట నపుంసక లింగం. క్లాసులో అందరూ విడ్డూరంగా చెప్పుకున్నారు. నాకు విడ్డూరం అనిపించలేదు. మన వ్యాకరణంలో మహద్వాచకం, అమహద్వాచకం అని లేవూ? ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. మనం రోజూ చేసే పనే అది. చంద్రుడు అక్కడ కూడా మగవాడే, సూర్యుడు మాత్రం ఆడమనిషి. 'లార్డ్' అనే మాటను విప్పితే 'హ్లాఫ్-వేఅర్డ్', రొట్టెకు కాపలా ఉండేవాడు. అన్నదాత అని మనం అన్నట్టే.

నవంబర్ 5న ఛందస్సు పాఠం. నాకు ఈ ఏడాదిలో మరిచిపోలేని రోజు అదే.

మేడమ్ బోర్డు మీద బియోవుల్ఫ్ నాలుగో పాదం రాశారు. "ఓఫ్ట్ షుల్డ్ షేవింగ్, షేఅదెన థ్రేఅటుమ్." పాదం మధ్య గీత గీశారు. రెండో సగంలో మొదట గట్టిగా పలికే అక్షరం చాలా ముఖ్యం, మొదటి సగంలో గట్టిగా పలికేవాటిలో కనీసం ఒకదానితో అది కలవాలి అన్నారు. ఇక్కడ ష, ష, ష. తర్వాత, హల్లుకు అదే హల్లు కావాలి, అచ్చులకు మాత్రం ఏ అచ్చైనా సరిపోతుంది అన్నారు. క్లాసులో కొందరు ముఖాలు చూసుకున్నారు. వాళ్లకు కవిత్వం అంటే పాదం చివర ప్రాస. ఇలా మధ్యలో అక్షరం కలవడమేమిటో పట్టుబడలేదు.

నేను చెయ్యెత్తాను. అయిదు వారాల్లో మొదటిసారి. "ఇది మా యతి" అన్నాను. ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలో తెలియక లేచి వెళ్లి బోర్డు మీద తెలుగులోనే రాశాను: "ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై". పోతన గారి పద్యం, ఉత్పలమాల, పదో అక్షరం యతిస్థానం. మొదటి అక్షరం ఎ. పదోది మె. జగము, ఎవ్వని కలిసి జగమెవ్వని అయింది, లోపల ఉన్నది ఎ అచ్చే. రెండింటికీ కింద గీత గీసి పాడాను. పాడటమంటే నాన్నగారు నేర్పిన రాగంలో. పాదం ఎక్కడ విరుగుతుందో భాష తెలియకపోయినా అందరికీ వినిపించింది. ఆ జర్మనీ అబ్బాయి, "ఇంకోసారి" అన్నాడు. మేడమ్ నోట్‌బుక్ తీసి, అచ్చులకు మీ దగ్గర నియమం ఏమిటి అని అడిగి రాసుకున్నారు. మా దగ్గర ఏ అచ్చు పడితే ఆ అచ్చు సరిపోదు, అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఒక జట్టు అని చెప్పాను. పీరియడ్ అయిపోయాక ఇంకో ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డాం.

రెండూ ఒకటే అని నేను అనను. వాళ్లది నొక్కి పలకడం మీద నడిచే కవిత్వం, మనది గురులఘువుల మీద. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నదీ కాదు. కానీ యతి చెవిలో ఉన్న మనిషికి ఆ కవిత్వం పరాయిది కాదు. ఈ మాట మా కాలేజీ గైడు పుస్తకాల్లో ఎక్కడా లేదు, ఎనిమిదేళ్లు నేనూ చెప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత, 9వ తేదీ శనివారం, విట్బీ వెళ్లాం. బస్సులో రెండున్నర గంటలు. సముద్రం ఒడ్డున కొండ, పైకి 199 మెట్లు. మెట్ల పైన చర్చి ఆవరణలో కాడ్మన్ అనే కవి పేర 1898లో నిలబెట్టిన రాతి శిలువ ఉంది. ఆయన కథ బీడ్ రాశాడు కాబట్టే మనకు తెలుసు. హిల్డ అనే ఆవిడ 657లో పెట్టిన మఠంలో పశువులు కాసేవాడు కాడ్మన్. విందుల్లో హార్ప్ వాద్యం చేతులు మారుతూ తన దాకా వస్తుంటే, పాట రాదు కనుక లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయేవాడు. ఒక రాత్రి అక్కడే నిద్రపోతే కలలో ఎవరో వచ్చి పాడమన్నారు. పాడాడు. ఆ పాట తొమ్మిది పాదాలు. పేరు తెలిసిన ఆంగ్ల కవుల్లో మొదటివాడు అతనే. ఇప్పుడు కనిపించే మఠం శిథిలాలు ఆ కాలానివి కావు, చాలా తర్వాత కట్టినవి. గాలి మనిషిని నిలబడనివ్వలేదు. శిలువ దగ్గర నిలబడి తొమ్మిది పాదాలూ గట్టిగా చదివాను. అయిదు వారాలు నా వంతు రాకుండా తల దించుకుని కూర్చున్న క్లాసు గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, గాలి అనుకున్నారు మిగతావాళ్లు.

రైలు ప్రయాణాల గురించి ఒక మాట. 16–25 రైల్‌కార్డు అని ఉంటుంది, పేరు చూసి నాకు రాదనుకున్నాను. ఫుల్‌టైమ్ విద్యార్థి అయితే 26 దాటినవాళ్లకూ ఇస్తారు. యూనివర్సిటీ సంతకం కావాలి. 30 పౌండ్లకు తీసుకున్నాను, టికెట్ల మీద మూడో వంతు తగ్గింది. ఈ సంగతి నాకు డిసెంబర్‌లో తెలిసింది, అప్పటికే మూడు ప్రయాణాలు నిండు ధరకు చేసేశాను.

నవంబర్ చివరికి సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. అక్టోబర్ 27న గడియారాలు ఒక గంట వెనక్కి జరిపారు, ఇంటికీ నాకూ తేడా అయిదున్నర గంటలైంది. నేను క్లాసు నుంచి వచ్చేసరికి పాప నిద్రపోయేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు 'వుల్ఫ్ అండ్ ఎడ్వకర్' అనే 19 పాదాల చిన్న కవిత ఇచ్చారు. పదో శతాబ్దంలో రాసిన ఎక్సెటర్ గ్రంథం అనే కవితల సంపుటిలో ఉంటుంది. ఎవరు రాశారో తెలియదు. ఒక ఆడమనిషి మాట్లాడుతుంది. వుల్ఫ్ ఒక దీవిలో, నేను ఇంకో దీవిలో అంటుంది. వానలో కూర్చుని ఏడ్చానంటుంది. ఆఖరి పాదంలో ఒక మాట ఉంది: 'ఉంకెర్'. మనిద్దరిదీ అని అర్థం. నేను పొద్దున్నే వల్లించిన ద్వివచనం, షష్ఠీ విభక్తి. ఎన్నడూ జత కానిదాన్ని తెంచడం తేలిక, మనిద్దరి పాటను, అని ముగుస్తుంది. ఇప్పటి ఇంగ్లీష్‌లోకి తర్జుమా చేస్తే 'అవర్' అని రాయాలి. అందులో ఇద్దరే ఉన్నారో వందమంది ఉన్నారో తెలియదు. తెలుగులో మాత్రం 'మనిద్దరి' అని ఒక్క మాటలో వస్తుంది.

ఆ రాత్రి మా ఆయనకు ఫోన్లో ఆ మాట చెప్పాను. అక్కడ పొద్దున నాలుగు. "ఇంకోసారి చెప్పు" అన్నారు. ఉంకెర్ అన్నాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పటి నుంచి మెసేజ్ చివర ఆయన ఆ మాట తెలుగులో టైప్ చేసి పంపుతున్నారు.

డిసెంబర్‌లో లండన్ వెళ్లి బ్రిటిష్ లైబ్రరీ ట్రెజర్స్ గ్యాలరీలో బియోవుల్ఫ్ ప్రతి చూశాను. టికెట్ లేదు. గది చీకటిగా ఉంటుంది, కళ్లు అలవాటు పడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ప్రపంచంలో ఉన్నది అదొక్కటే ప్రతి. 1731లో అది ఉన్న భవనం తగలబడినప్పుడు అంచులు మాడిపోయాయి, ఆ తర్వాత వందేళ్లకు పైగా అంచుల్లో అక్షరాలు రాలిపోతూనే ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఒక్కో ఆకును కాగితం చట్రంలో బిగించాకే ఆగింది. నేను ఏదో పెద్ద గ్రంథాన్ని ఊహించుకున్నాను. రాత చూస్తే మామూలు నోట్‌బుక్ అంతే ఉంది. కవిత్వం పాదాలుగా విరిచి రాయలేదు, వచనంలా కలిపి రాసుకుంటూ పోయారు, మన తాళపత్రాల్లో పద్యాలు రాసినట్టే. కావ్యానికి పేరు కూడా లేదు. బియోవుల్ఫ్ అన్నది తర్వాతివాళ్లు పెట్టింది. రెండు ముక్కలు పోల్చుకోగలిగాను. ఎనిమిదేళ్లు నేను చెప్పిన పాఠం ఆ అద్దం వెనక ఉంది. నలభై నిమిషాలు నిలబడ్డాను, వెనక క్యూ మారుతూనే ఉంది.

పరీక్ష 2025 జనవరి 14న. రెండున్నర గంటలు. చదివిన పాఠాల నుంచి తర్జుమా, ఎన్నడూ చూడని భాగం నుంచి తర్జుమా, ఒక వ్యాఖ్య. కొత్త భాగానికి చిన్న పదకోశం ఇస్తారు. డిక్షనరీ తీసుకెళ్లనివ్వరు. బోస్వర్త్–టోలర్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితం కదా అని దానికే అలవాటు పడితే పరీక్షలో చేతులు కట్టేసినట్టుంటుంది. నేను డిసెంబర్ 20 నుంచి అది చూడటం మానేశాను. హాల్లో టెన్షన్‌తో మొదటి పదిహేను నిమిషాలు అక్షరాలు అలుక్కుపోయాయి. తర్వాత పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టాను, దారి దొరికింది. ఫలితం వచ్చేదాకా 38 రోజులు. ఫిబ్రవరి 21న 63 వచ్చాయి. పాస్ మార్కు 50. అక్కడ 70 దాటితే డిస్టింక్షన్, కనుక 63ను తక్కువ అనుకోకండి. నేను మొదట అలాగే అనుకుని బాధపడ్డాను.

రెండో సెమిస్టర్‌లో తర్వాతి కాలం రచనలు: చాసర్ కవిత్వం, గవెయిన్ అనే వీరుడి కావ్యం, మార్జరీ కెంప్ అనే ఆవిడ ఆత్మకథ. చాసర్ మనకు అందుతాడు. గవెయిన్ కవి భాష వాయవ్య ప్రాంతపు యాస, కొత్త భాష నేర్చుకున్నంత పని. ఇవి ఎక్కువ చెప్పను, ఎందుకంటే నా మనసు అప్పటికే పాత చేతిరాత ప్రతుల క్లాసులో పడింది.

ఆ క్లాసులో మొదటి రోజు ఒక పార్చ్‌మెంట్ ముక్క చేతికిచ్చారు. ఇప్పటి కాలంలో పాత పద్ధతిలో తయారుచేసిన దూడ చర్మం. మా ఇంట్లో చర్మం ముట్టుకుంటే చెయ్యి కడుక్కునే అలవాటు. ఒక క్షణం ఆగాను. తర్వాత తీసుకున్నాను. అరచేతంత ఉంది. ఒక వైపు కాస్త పసుపు, వేలితో రాస్తే గరుకు, వెలుతురుకు ఎత్తి చూస్తే వెంట్రుకలు ఉన్నచోట సన్నటి చుక్కలు, సూదితో గుచ్చినట్టు. తిప్పితే రెండో వైపు తెల్లగా, నున్నగా. అరచేతి వేడికి రెండు నిమిషాల్లో అంచు మెల్లగా వంకర తిరిగింది. బతికున్నదానిలా. అందుకేనట ఆ పుస్తకాలకు బరువైన చెక్క అట్టలు, పట్టీలు. రాతలో ఇంకో చుట్టం కనిపించింది. అచ్చు మీద చిన్న గీత పెడితే పక్కన మ గానీ న గానీ ఉందని గుర్తు. మన సున్నా చేసే పనే. మిగతావాళ్లు తడబడుతుంటే నాకు అది అడగక్కర్లేకుండా అర్థమైంది.

ఎక్సెటర్ గ్రంథంలో 90కి పైగా పొడుపు కథలున్నాయి. వాటిలో పుస్తకం, కలం, చెదపురుగు గురించినవి తీసుకుని డిసర్టేషన్ రాస్తానన్నాను. ఏప్రిల్‌లో ఆ గ్రంథం చూడటానికి ఎక్సెటర్ వెళ్లాను. విద్యార్థులకు అసలు ప్రతి చేతికివ్వరని, ఫ్యాక్సిమిలీయే ఇస్తారని మేడమ్ ముందే చెప్పారు. చూపించే రోజు కనుక్కుని వెళ్లాలి. నా ఉత్తరానికి జవాబు రావడానికి 19 రోజులు పట్టింది. రైలు, ఒక రాత్రి బస కలిపి 131 పౌండ్లయింది. 1072లో చనిపోయిన లియోఫ్రిక్ బిషప్ అక్కడి పెద్ద చర్చి అయిన కెథడ్రల్‌కు ఇచ్చిన పుస్తకం ఇప్పటికీ అక్కడే ఉంది. ఒకప్పుడు దాని విలువ తెలియక దాని మీద కత్తితో కోశారు. ఏదో పాత్ర పెట్టిన గుండ్రటి మరక ఉంది. చివరి ఆకుల్లో మంట లోపలికి తినేసిన కన్నాలు. ఆ మరక చూస్తే నాకు మా అమ్మమ్మ ఇంటి అటక మీద తాళపత్రాలు గుర్తొచ్చాయి. పొయ్యిలో వేస్తే బాగా మండుతాయని ఎవరో సగం వాడేశారు. మిగిలిన సగం నాన్నగారు తెచ్చుకున్నారు.

చెదపురుగు పొడుపు కథ ఆరు పాదాలే. నా తెలుగులో ఇలా వచ్చింది:

పురుగొకటి మాటలు మేసింది, విని విస్తుపోయాను.
చీకట్లో దొంగ ఒకడు ఒక మనిషి పాటను మింగాడట,
గట్టి మాటనూ, అది నిలిచిన చోటునూ.
అంతా మింగినా ఆ దొంగ చుట్టానికి ముక్క అబ్బలేదు.

ఫోన్లో పాపకు చదివాను, పురుగు అన్న మాట దాచిపెట్టి. పాప ఎలుక అంది. వెనక నుంచి అత్తయ్య, "ఎలుకేమిటే, చెద" అన్నారు. ఆవిడకు ఇంగ్లీష్ రాదు. వెయ్యేళ్ల నాటి పొడుపు కథను వంటింట్లోంచి విప్పేశారు.

డిసర్టేషన్ 15,000 పదాలు. జూన్, జూలై బాగా సాగింది. ఆగస్టులో మూడు వారాల పని తీసి పక్కన పడెయ్యాల్సి వచ్చింది, ఎందుకంటే ఒక పొడుపు కథకు నేను పెట్టుకున్న అర్థం క్రియ తరగతి తప్పు పట్టుకోవడం వల్ల వచ్చింది. మేడమ్ పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టారు, అంతే. ఆ గుర్తు చూసి రెండు రోజులు మంచం దిగలేదు. తిరిగి రాశాను. సెప్టెంబర్ 1న అప్‌లోడ్ చేశాను. అద్దె మిగులుతుందని 12న ఇంటికి వచ్చేశాను. ఎయిర్‌పోర్టులో పాప నాకన్నా ముందు నా బ్యాగును పట్టుకుంది. ఏడాదిలో భుజం దాకా ఎదిగింది. ఈ ఖర్చు ఏ లెక్కలోనూ రాయలేను.

ఫలితం నవంబర్ రెండో వారంలో మెయిల్‌లో వచ్చింది. డిసర్టేషన్‌కు 71. నా చోట్లో వేరే లెక్చరర్‌ను పెట్టుకున్నారు కనుక డిసెంబర్‌లో పార్ట్‌టైమ్‌గా మళ్లీ చేరాను. జీతం ముందున్నదానిలో సగం. లోను వాయిదా నెలకు 13,600. మా ఆయన ఎప్పుడూ ఆ లెక్క ఎత్తలేదు, నేనే రోజూ ఎత్తుకుంటాను.

ప్రశ్న అడిగిన అమ్మాయి చదువు అయిపోయి గుంటూరులో బి.ఇడి. చేస్తోంది. నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. మొదటి పదకొండు పాదాలు ఫోన్లోనే చదివాను. అటు చప్పుడు లేదు, లైను తెగిందేమో అనుకున్నాను. "మేడమ్, దంచుతున్నట్టుంది" అంది.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు మా వరండాలో ఆరుగురు వస్తున్నారు, ఆ అమ్మాయి బస్సెక్కి వస్తుంది. ఫీజు లేదు. ముందు శబ్దం వల్లిస్తాం, తర్వాత పాదం. అత్తయ్య టీ ఇచ్చి గుమ్మంలో కూర్చుంటారు. నాలుగు వారాలకు నాలుగో పాదం దాకా వచ్చాం.